పొయ్యిరాయి సాక్ష్యం

మా ఊళ్ళో రాయి దొరకదు. వాకాడు దాటి సముద్రం వైపు వస్తే నేలంతా ఇసుకే. తవ్వితే ఇసుక, ఇంకాస్త తవ్వితే నీళ్ళు, ఇంకా తవ్వితే ఉప్పునీళ్ళు. కుక్కను అదిలించాలన్నా తాటిటెంకే విసరాలి. రోలు కావాలంటే గూడూరు వైపునుంచి ఎద్దులబండి మీద రావాల్సిందే. అలా ఎవరింటికైనా కొత్త రోలు వస్తే చుట్టుపక్కల వాళ్ళు పని మానుకుని చూడటానికి వచ్చేవాళ్ళు. అలాంటి ఊళ్ళో పుట్టి నేను రాళ్ళ చదువు చదువుతానన్నాను. నవ్వనివాళ్ళు లేరు. కొండను తవ్వి ఎలుకను పడుతుందని ఒకరు, ఆ ఎలుకనైనా పట్టి తెస్తే మేలే, ఊళ్ళో పిల్లులన్నా బతుకుతాయని ఇంకొకరు. నవ్వేవాళ్ళను చూస్తే నాకు పట్టుదల పెరుగుతుంది. ఇప్పటికీ అంతే. ఆ గుణం మంచిదో కాదో నేను ఎవరినీ అడగలేదు.

పందొమ్మిదివందల అరవైల తొలి సంవత్సరాల మాట ఇది. మా నాయన మిషన్ బడిలో పంతులు. అమ్మ నా పసితనంలోనే పోయింది. నన్ను పెంచింది నాయన అక్క, మా అత్త. పెళ్ళైన కొద్ది కాలానికే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, మా ఇంటికి యజమాని అయిపోయింది. మిషన్ గుళ్ళో అందరికన్నా గట్టిగా పాడేది ఆమే, వీధిలో అందరికన్నా గట్టిగా తిట్టేదీ ఆమే. చదువు లేదు. నా చదువుకు మాత్రం అడ్డం వచ్చినవాళ్ళను గుమ్మం దాటనివ్వలేదు. "ఆడపిల్లకు ఇంత చదువెందుకక్కా" అని ఎవరో అంటే, "నీ కొడుక్కి చదువు రాలా గదా, ఆ వాటా మా పిల్ల చదువుతా ఉండాది" అంది. ఆ మనిషి మళ్ళీ మా గడప తొక్కలేదు.

యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీలో నేనొక్కదాన్నే ఆడపిల్లను. చివరి సంవత్సరంలో ఒక్కొక్కరూ ఒక కొండ ప్రాంతాన్ని నడిచి చూసి, అక్కడ ఏ రాయి ఎక్కడుందో పటం గీసి, ఒక వ్యాసం రాయాలి. నన్ను మాత్రం మైక్రోస్కోపు ముందు కూర్చోమన్నారు. శాఖకు పెద్ద అయిన ప్రొఫెసర్‌ను మేము పెద్ద సారు అనేవాళ్ళం. ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. "కొండల్లో తిరగడం మగపిల్లలకే కష్టం అమ్మా. నీకు ఇక్కడే ఫ్యాను కింద పని ఇస్తాను." కొండలు ఫ్యాను కిందికి రావు కదా సార్ అన్నాను. గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు, ఆయన నవ్వలేదు. ఎన్నోసార్లు ఆయన చుట్టూ తిరిగితే చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఇంటినుంచి పెద్దవాళ్ళెవరైనా తోడు రావాలి. దసరా సెలవులకు నాయన బయలుదేరాడు, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో బైబిలు, భుజాన అటుకుల మూట.

కొండలంటే వెలిగొండలు. మా ఊరినుంచి కనిపించవు. గూడూరు దాటాక పడమటి దిక్కున నీలంగా లేస్తాయి. రాపూరు దగ్గర ఒక బడి గదిలో మా బస. పొద్దున్నే నేను సుత్తి పట్టుకుని బయలుదేరేదాన్ని. ఆ సుత్తి నాయుడుపేట కమ్మరి దగ్గర నేను దగ్గరుండి చేయించుకున్నది. శాఖలో ఇచ్చే సుత్తులు మగవాళ్ళ చేతులకు కొలిచి కొన్నవి, రెండు దెబ్బలకే నా మణికట్టు లాగేసేది. నాయన ఏదో ఒక చెట్టు నీడ చూసుకుని కూర్చుని చదువుకునేవాడు. నేను కేకవేస్తే వినబడేంత దూరం ఆయనకు చాలు. మేకలు కాసుకునే ఆడవాళ్ళు వచ్చి, "అభ్రకం కోసమా అమ్మా?" అని అడిగేవాళ్ళు. ఆ చుట్టుపక్కల రాయి కొట్టేవాడెవడైనా అభ్రకం కోసమే కొడతాడు. కాదు, ఈ కొండ ఎక్కడ నలిగిందో చూడటానికి అంటే, నా ముఖం వంకా నాయన ముఖం వంకా మార్చి మార్చి చూసేవాళ్ళు. "నలిగింది కొండ గదా, నీకెందుకమ్మా నొప్పి?" అందొకామె.

ఆ నలగడం ఏమిటో చెప్పాలి. భూమి లోపల రెండు పెద్ద రాతిభాగాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జరిగితే, మధ్యలో ఉన్న రాయి నలిగి సాగిపోతుంది. తిరగలి రెండు రాళ్ళ మధ్య పడ్డ గింజకు జరిగేదే దానికీ జరుగుతుంది. అలా నలిగిన పట్టీని మా చదువులో షియర్ జోన్ అంటారు. రాపూరు దగ్గర తూర్పునుంచి కొండ వైపు నడుస్తూ పోతే నాకు మొదట మామూలు గ్రానైటు కనిపించింది. దాంట్లో తెల్లటి, గులాబీరంగు పెద్ద పెద్ద స్ఫటికాలు, మూలలు చెక్కినట్టు ఉన్నాయి. ఇంకాస్త పడమటికి పోతే అదే రాతిలో ఆ మూలలు అరిగాయి. ఇంకా పోతే స్ఫటికాలన్నీ కన్ను ఆకారానికి వచ్చాయి, వాటి చుట్టూ మిగతా రాయి రేకులు రేకులుగా విడిపోయింది. కొండ మొదట్లోకి వచ్చేసరికి కళ్ళు కూడా మాయమై, రాయి పలకలాగా మెత్తగా, నల్లగా అయిపోయింది. ఒకే రాయి. నలగని చోటినుంచి పూర్తిగా పిండి అయిన చోటిదాకా నేను నా కాళ్ళతో నడిచి చూశాను. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వాగులో నిలబడి గట్టిగా కేక వేస్తే, పాము కరిచిందేమోనని నాయన గొడుగు పారేసి పరుగెత్తుకొచ్చాడు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అదే ప్రాంతాన్ని పెద్ద సారు వయసులో ఉన్నప్పుడు తిరిగి పటం గీశాడు. ఆ పటం అద్దం కట్టించి శాఖ గోడకు వేలాడదీశారు. నేను కళ్ళు అన్నవాటిని ఆయన గులకరాళ్ళు అన్నాడు. ఎప్పటిదో ఏరు దొర్లించి తెచ్చిన గులకరాళ్ళు ఇసుకలో పూడి, గట్టిపడి రాయి అయ్యాయని ఆయన లెక్క. ఆయన పటంలో ఆ పట్టీకి పసుపు రంగు, పక్కన గులకరాళ్ళ పొర అన్న మాట. నా పటంలో అదే పట్టీకి ఎర్ర రంగు వేశాను.

నీళ్ళు చేసే పని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. స్వర్ణముఖి సముద్రంలో కలిసే చోట పెరిగినదాన్ని. వరదకు కొట్టుకొచ్చే గులక మా దగ్గర చింతగింజకన్నా పెద్దది ఉండదు, అయినా ఒక్క దోసెడు తీస్తే నల్లది, తెల్లది, ఎర్రది, నానాజాతీ కలిసి ఉంటుంది. ఏరు ఒక్క రకాన్నే ఏరి తేదు. కొండ దగ్గర నేను చూసిన కళ్ళన్నీ ఒకే రకం స్ఫటికాలు. పైగా ప్రతి కంటికీ రెండు కొసల్లో సన్నటి తోకలు, ఒకటి పైపక్కకు, ఒకటి కిందిపక్కకు. దొర్లిన గులకరాయికి తోకలెక్కడివి? ఆ తోకల వాలునుబట్టి ఏ పక్క రాయి ఎటు జరిగిందో కూడా చెప్పొచ్చు. అందుకే రాయిని కొండనుంచి ఊడదీసే ముందే దానిమీద ఉత్తరం ఎటో బాణం గుర్తు వేయాలి, పైవైపు ఏదో రాయాలి. ఆ గుర్తు లేకపోతే ఎంత మంచి రాయైనా దేనికీ పనికిరాదు. నేను ప్రతి రాతిమీదా తెల్ల రంగుతో బాణం వేశాను, పైవైపు రాశాను, నంబరు వేశాను.

ఒక ఇబ్బంది ఉంది. సుత్తితో కొడితే ఆ రాయి ఎప్పుడూ రేకు వెంబడే విడిపోతుంది. తోకలు కనిపించేది రేకుకు అడ్డంగా పగిలిన ముఖంలో. అలాంటి ముఖాలు నేను వాగు కోసిన చోట చూశాను. చేతి రాళ్ళలో చూపించాలంటే మాత్రం శాఖలో ఉన్న కోత మిషన్ మీద కోయాలి.

రాళ్ళను రెండు గోతాల్లో వేసి బస్సెక్కించాం. శాఖలో అప్పుడే పెట్టుకోవడానికి చోటు లేదన్నారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చిల్లకూరు దగ్గర కండక్టరు గోతాన్ని కాలితో తన్ని, బొటనవేలు పట్టుకుని ఎగిరాడు. "ఏముండాయి పంతులుగారూ ఇందులో?" అంటే నాయన చాలా గంభీరంగా, "రాళ్ళు నాయనా" అన్నాడు. కండక్టరు అది ఎగతాళి అనుకుని వాకాడు దాకా మాతో మాట్లాడలేదు. గోతాలు మా వసారాలో దించి, అత్తకు అప్పగించి, నేను యూనివర్సిటీకి వెళ్ళిపోయాను.

పటం చూసిన పెద్ద సారు నన్ను గదిలోకి పిలిచాడు. ఎర్ర పట్టీమీద వేలు పెట్టాడు.

"ఇది తీసెయ్యమ్మా. పసుపు రంగు వేసి, గులకరాళ్ళ పొర అని రాయి. మిగతా అంతా బాగుంది. ఫస్ట్ క్లాస్ వస్తుంది. ఫస్ట్ క్లాస్ వస్తే పరిశోధన సీటు నీకే ఇస్తాను. ఇప్పటిదాకా ఆడపిల్లకు ఇవ్వలేదు మేము."

ఆ సీటు కోసం నేను ఎంత ఆశపడ్డానో ఇప్పుడు చెప్పినా ఎవరికీ అర్థం కాదు. జీవితమంతా కొండల్లో తిరగొచ్చు. మళ్ళీ ఎవరినీ అనుమతి అడగనక్కర్లేదు.

"తీయకపోతే సార్?"

"తీయకపోతే తప్పు పటం గీసినట్టు. తప్పు పటానికి ఎన్ని మార్కులు వెయ్యాలో నీకు తెలుసు."

"అది గులకరాళ్ళ పొర కాదు సార్. మీరు ఒక్కసారి నాతో వచ్చి చూడండి."

"నేను నీకంటే ముందే చూశాను. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఎలా?"

"నా కుందేలుకు నాలుగు కాళ్ళున్నాయి సార్. మా ఇంట్లో గోతాల్లో ఉన్నాయి. తెచ్చి చూపిస్తాను."

ఆయనకు కోపం వచ్చింది. వచ్చినా మర్యాద తప్పలేదు. సరే, క్రిస్మస్ సెలవుల తర్వాత తెచ్చి చూపించు అన్నాడు. మరుసటి రోజు నా దగ్గరున్న దిక్సూచి తిరిగి ఇమ్మని కబురొచ్చింది. కోత మిషన్ పాడైందని కూడా తెలిసింది. నాకొక్కదానికే పాడైంది. మగపిల్లల రాళ్ళు ఆ వారమంతా దాని మీదే కోశారు, ఆ చప్పుడు నా తరగతి గదిలోకి వినిపిస్తూనే ఉంది.

దిక్సూచి లేకుండా మళ్ళీ కొండకు పోయి లాభం లేదు. గోతాల్లో ఉన్న రాళ్ళే నా సాక్ష్యం. సెలవులు ఇవ్వగానే ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా వసారాలోకి పోయి చూస్తే గోతాలు రెండూ ఉతికి, మడతపెట్టి దండెం మీద ఉన్నాయి.

"అత్తా, నా రాళ్ళేవి?"

అత్త పండగ పిండివంటలకు బియ్యం జల్లిస్తూ ఉంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"అవా? మొన్న తుపాను గాలి కొట్టింది గదమ్మే. పాకల మీద కప్పులు లేచిపోతా ఉండాయి. వలలేసే పట్టపోళ్ళ ఆడోళ్ళు వచ్చి, 'అక్కా, మీ ఇంట్లో రాళ్ళుండాయంట గదా' అన్నారు. ఊరికే పడుండాయి గదా, ఇచ్చినా."

"ఇచ్చినావా? అన్నీ?"

"అన్నీ చాల్లా. అందరూ అడిగినారు. ఏందో తెల్లగా గీతలు గీసి, మురికిగా ఉండాయి. అట్టా ఇస్తే ఏం బాగుంటది? పీచు, బూడిద పెట్టి శుబ్బరంగా తోమి ఇచ్చినా."

నేను అరిచాను. నా జన్మలో అంత గట్టిగా అత్త మీద అరవలేదు. ఆ రాళ్ళ కోసం నేను ఎంత ఎండలో తిరిగానో, అవి లేకపోతే నా గతి ఏమిటో, పెద్ద సారు ఏమన్నాడో, అంతా ఏకరువు పెట్టాను. అత్త జల్లెడ పక్కన పెట్టి చివరిదాకా వింది. "రాయంటే రాయే అనుకున్నా గదమ్మే. రాతికి కూడా దిక్కుంటదని నాకెవరు చెప్పినారు?" అంది. మాకు రాయి అంటే బంగారం. మాకే కాదు, ఆ తీరాన ఉన్న ఏ ఊరికైనా అంతే. వసారాలో రెండు గోతాల రాళ్ళు ఊరికే పడి ఉండటమే వాళ్ళ దృష్టిలో తప్పు.

మరుసటి రోజు పొద్దున్నే నేను ఊరిమీద పడ్డాను. నా రాళ్ళు నాకు తెలుసు. ఒకటి పాక నడికప్పు మీద తాటితాడుతో కట్టి ఉంది. ఒకటి ఎండుచేపల జాడీమూత మీద బరువుగా కూర్చుంది. ఒకదానికి మేకపిల్లను కట్టేశారు. ఒకటి మా గుళ్ళో కుంటి బల్ల కాలి కింద దూరింది. కొన్ని వలకు బరువులుగా పోయి సముద్రంలో మునిగాయి. ప్రతి ఇంట్లోనూ నన్ను కూర్చోబెట్టి, "నీ రాయి లేకుంటే మా కప్పు పోయుండేదమ్మా" అని చెప్పి మజ్జిగ ఇచ్చారు. ఒక్కో రాయినీ తిప్పి చూశాను. మా అత్త పని అంటే పని. ఒక్క బాణం మిగల్లేదు. పాకమీద రాయి దించమంటారా అని ఒక అన్న నిచ్చెన వేశాడు. వద్దన్నాను. బాణం లేని రాయి నా పటానికి పనికిరాదు, ఆయన కప్పుకు పనికొస్తుంది.

సాయంత్రం ఇంటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాను. అంతటితో అయిపోయిందనే అనుకున్నాను. ఎర్ర పట్టీ తుడిచి పసుపు వేస్తే సీటు వస్తుంది, ఎవరికీ నష్టం లేదు, కొండ వచ్చి కేసు పెట్టదు. ఆ ఆలోచన వచ్చినందుకు నామీద నాకే ఒళ్ళు మండింది. తప్పని తెలిసి గీసిన గీత మీద కూర్చుని జీవితమంతా జీతం తీసుకోవాలా?

అత్త పొయ్యి ముందు కూర్చుని చేపల పులుసు తిప్పుతూ ఉంది. ఉన్నట్టుండి, "ఈటిలో ఒకటి కూడా నీదేనమ్మే" అంది.

అన్నిటికన్నా పెద్ద రాయి ఆమె తన పొయ్యికి ఉంచుకుంది. పాత పొయ్యిరాళ్ళలో ఒకటి అరిగిపోయిందట. నేను పొయ్యి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. రాయి సగం ఇసుకలో పాతి ఉంది. పైసగం మసి. దాన్ని తోమావా అని అడిగితే, మన పొయ్యికే గదా, తోమడమెందుకని అట్లాగే పాతేశానంది. నేను చేత్తో ఇసుక తోడాను. కాలుతున్నా తోడాను. ఇసుక కింద తెల్ల బాణం, పైవైపు గుర్తు, నంబరు, నేను ఎట్లా వేశానో అట్లాగే ఉన్నాయి.

"అత్తా, ఇది నాకు కావాలి."

"తీసుకో. రేపు పండగ గదా, ఇటుక పెట్టుకుంటాలే." అంటూనే ఆమె పులుసు కుండ దించి, కట్టెలు లాగి, పక్కనున్న చెంబెడు నీళ్ళు రాతిమీద కుమ్మరించింది. వద్దని నేను అరిచేలోపే అయిపోయింది. చర్రుమని ఆవిరి లేచింది, ఆ వెంటనే ఠప్పున రాయి పగిలింది.

నేను ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. అత్త బిత్తరపోయి కుండ పట్టుకునే గుడ్డతో నా ముఖం తుడిచింది, మసి అంతా అంటింది. రాయి చల్లారాక నాయన రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుని, లాంతరు దగ్గర పెట్టి, "ఇది చూడు" అన్నాడు.

నా సుత్తి ఎన్ని దెబ్బలు కొట్టినా రేకు వెంబడే విడిపోయే రాయి, పొయ్యి వేడికి, చెంబెడు నీళ్ళకు అడ్డంగా పగిలింది. పగిలిన ముఖం నిండా కళ్ళు. ప్రతి కంటికీ రెండు తోకలు. పై తోక ఒక వైపు, కింది తోక ఒక వైపు, అన్నీ ఒకే తీరుగా. ముంజేతి కంకణానికి అద్దమెందుకు? బాణం ఒక ముక్క మీద చెక్కుచెదరకుండా ఉంది. నేను అత్తను పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. "పిచ్చిపిల్ల, ఏడుస్తాదో నవ్వుతాదో తెలీదు" అంది. ఈ రాయి పని అయ్యాక తిరిగి తెచ్చి ఇస్తానని మాట ఇచ్చాను.

పెద్ద సారుకు రాయి చూపించడానికి పోతే, చూసే తీరిక లేదన్నాడు. పటం మార్చావా అని మాత్రం అడిగాడు. లేదన్నాను. అయితే పరీక్షలో చూసుకుందాం అన్నాడు.

పరీక్ష చేయడానికి వేరే యూనివర్సిటీనుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. చాలా చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. బల్ల మీద నా పటం పరిచారు. నేను సంచిలోంచి రెండు ముక్కలూ తీసి పటం పక్కన పెట్టాను. పెద్ద సారు ముక్కు చిట్లించాడు.

"ఇదేమిటి, మసి?"

"మా ఇంటి పొయ్యిరాయి సార్."

"పొయ్యిలో రాయి పట్టుకొచ్చి మాకు శాస్త్రం చెబుతావా?"

"పొయ్యిలో పెట్టినా మ్యూజియంలో పెట్టినా రాయి రాయే సార్. చేపల పులుసు కాచినంత మాత్రాన గులకరాయి అయిపోదు."

బయటినుంచి వచ్చిన ఆయనకు నవ్వు వచ్చింది, దగ్గుగా మార్చుకున్నాడు. భూతద్దం తీసి, కిటికీ దగ్గరికి పోయి, పగిలిన ముఖాన్ని చూడటం మొదలుపెట్టాడు. చాలాసేపు చూశాడు. రాయిని తిప్పాడు, మళ్ళీ చూశాడు. ఉత్తరం ఎటు అని అడిగాడు. బాణం చూపించాను. పై ఏది అన్నాడు. చూపించాను. అయితే ఏ పక్క ఎటు జరిగింది అన్నాడు.

"తూర్పు పక్క పైకెక్కి, పడమటి పక్క మీదికి తోసింది సార్. ఈ తోకలు చూడండి."

ఆయన తల ఊపాడు. ఊపినట్టు తనకే తెలియదనుకుంటాను. నేను మాత్రం చూశాను. బల్ల దగ్గరికి వచ్చి, రెండు ముక్కలూ అరచేతుల్లో పెట్టుకుని తూచినట్టు చూస్తూ, "ఇందులో ఒకటి మా శాఖ మ్యూజియానికి ఇస్తావా అమ్మా?" అన్నాడు.

గులకరాళ్ళ పొర ముక్కను ఎవరూ అంత ముద్దుగా అడగరు. పెద్ద సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"దానికింద ఏమని రాసి పెడతారు సార్?" అన్నాను.

ఆయన ఒకసారి పెద్ద సారు వీపు వంక చూశాడు, ఒకసారి నా పటం మీది ఎర్ర పట్టీ వంక చూశాడు. "అదంతా తర్వాత చూద్దాంలే" అన్నాడు.

నాకు అప్పుడే ఫలితం తెలిసిపోయింది. ఈయనకు కళ్ళున్నాయి. చూసింది చూశానని చెప్పే నోరు లేదు. భోజనాలు పెద్ద సారు ఇంట్లో, సాయంత్రం బండి ఎక్కించేదీ ఆయనే. నా పటం కోసం స్నేహం ఎవరు చెడగొట్టుకుంటారు?

"అయితే ఇవ్వను సార్. ఇది మా అత్త పొయ్యిది. తిరిగి ఇస్తానని చెప్పి తెచ్చాను." చేయి చాచాను. ఆయన రెండు ముక్కలూ నా చేతిలో పెట్టాడు. సంచిలో వేసుకున్నాను. పటం చుట్టుకోవడానికి వంగితే పెద్ద సారు అన్నాడు, ఇప్పటికైనా ఆ ఎర్రది తుడిస్తే ఆలోచిస్తామని. రబ్బరు ముక్క బల్ల మీదే పెట్టి ఉంది.

"తుడిస్తే నా కాగితం తెల్లబడుతుంది సార్, కొండ మారదు." అంతే చెప్పి వచ్చేశాను. అలా వచ్చేసినందుకు ఇప్పటికీ గర్వపడతాను.

నాకు సెకండ్ క్లాస్ వచ్చింది. సీటు పసుపు రంగు వేసిన ఒక సహాధ్యాయికి పోయింది. నాకు బాధ లేదని చెబితే అబద్ధం. వారం రోజులు అన్నం సయించలేదు. తర్వాత నాయుడుపేట బడిలో సైన్సు టీచరు పని దొరికింది. ఆ పనిలోనే బతికాను. ప్రతి సంవత్సరం ఆడపిల్లలను బస్సులో ఎక్కించుకుని రాపూరు తీసుకుపోయి, తూర్పునుంచి పడమటికి వాళ్ళ కాళ్ళతో వాళ్ళను నడిపించాను. ఏం కనిపిస్తోందని అడిగేదాన్ని, అది ఏమిటో మాత్రం నేను ముందుగా ఎప్పుడూ చెప్పలేదు. వాళ్ళే చెప్పేవాళ్ళు, "టీచర్, ఇదీ అదీ ఒకటే రాయి, నలిగిపోయింది" అని. ఎవరో ఒకరు అలా అనేదాకా నేను బస్సెక్కనిచ్చేదాన్ని కాదు.

కానీ అదంతా తర్వాత. పరీక్ష ఫలితం తెలిసిన రోజున సంచి భుజాన వేసుకుని ఇంటికి వచ్చాను. అత్త రెండు రాళ్ళు, ఒక ఇటుక పెట్టి వండుతూ ఉంది. ఇటుక అప్పటికే పగుళ్ళు ఇచ్చింది.

"గెలిచినావామ్మే?"

"లేదత్తా. సీటు రాలా."

"రాయి చూపించినావా?"

"చూపించినా."

"ఒప్పుకున్నారా?"

"కళ్ళతో ఒప్పుకున్నారు. నోటితో ఒప్పుకోలా."

అత్త గరిటె కుండమీద పెట్టి నా వంక చూసింది.

"నువ్వేమన్నా మాట మార్చినావా?"

"మార్చలా."

"మరింకేంది? ఇట్టా తే రాయి."

ఇటుక తీసేసి, రెండు ముక్కలనూ ఒకదాని పక్కన ఒకటి ఇసుకలో పెట్టాను. దిక్సూచి లేదు. పొద్దు కుంగే వైపు చూసుకుని, బాణం ఉత్తరానికి తిప్పాను. కొండలో ఉన్నప్పుడు ఎట్లా నిలబడిందో అట్లాగే నిలబెట్టాను. అత్త కుండ ఎక్కించింది. కుండ ఒక పక్కకు వాలింది. కాస్త ఇటు జరపమ్మే, సరిపోతుంది అంది. జరిపితే దిక్కు తప్పుతుందత్తా అన్నాను. ఆమె ఒక పెంకుముక్క వెతికి కుండ కింద ఎగదోసింది. వాలు తగ్గింది, పూర్తిగా పోలేదు.

అత్త బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో అన్నం ఒక పక్కకు వాలే ఉడికింది. పొయ్యి అలికేటప్పుడు కొత్తవాళ్ళెవరైనా ఆ రాయిని సరిచేయబోతే, గుళ్ళో పాడే గొంతుతో అరిచేది. దాన్ని జరపొద్దు, అది నిలబడాల్సినట్టే నిలబడి ఉంది అని.